పసుపు స్తంభం

సెయింట్ లూయిస్. ఫిబ్రవరి. తెల్లవారుజాము నాలుగు.
ఉల్లిపాయల గోదాము వెనక సందు.
గుర్రబ్బళ్ళ కొలతకి కట్టిన ఇటుక గోడలు.
వాటి మధ్యలోకి
యాభై మూడడుగుల ట్రెయిలరు వెనక్కి రావాలి.

నేనిక్కడ రాత్రి గుమాస్తాని.
కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడం నా పని.
జీతం దానికే. పదకొండేళ్ళుగా
నేను అసలు చేసేది చూడటం.

మలుపులో ఇనుప స్తంభం ఒకటుంది.
పసుపు రంగు వేశారట, నేనెరగను.
ఇప్పుడది ఎరుపు, నీలం, ఎవరిదో ఊదా,
మొన్నటి తెలుపు.
ఎవరెంత తొందరపడ్డారో
అంతా ఒంటిమీదే రాసుకుంది.

ఈ రాత్రి ముందొచ్చింది లవాన్ టిబ్స్.
అరవై ఒకటి. మోకాలికి పట్టీ.
డ్యాష్‌బోర్డు మీద సగం అల్లిన మేజోడు, సూదులతో సహా.
సందు మొదట్లో ఆపి దిగింది.
బెదిరిన గుర్రాన్ని తట్టినట్టు గోడని తట్టింది.
మంచు కింద గుంట ఎక్కడుందో బూటుతో తడిమింది.
ఎక్కింది.

ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి.
కుడికి కావాలంటే ఎడమకి.
ఎంతటివాడికైనా మొదటి నెల
చేతులు మెదడు మాట వినవు.
ట్రెయిలరు పెడసరం ఘటం,
బతిమాలితే కదలదు, గదిమితే మడత పడుతుంది.
కాస్త ఇచ్చి, ఆగి,
అది తిరగడం మొదలెట్టగానే
దాని వెంట పడి పోవాలి, ముఖం ఇటే ఉన్నా.

పైగా ఈ మలుపు కుడివైపు, గుడ్డివైపు.
కుడి అద్దం నిండా ట్రెయిలరు రేకు.
ఎడమ అద్దంలో ఒక వీధి దీపం, దానికేం తెలుసు?

బారెడు వచ్చింది. ఆగింది. దిగింది. చూసింది.
జానెడు తేడా.
మళ్ళీ ముందుకి. మళ్ళీ మొదట్నుంచి.

వెనకడుగు పిరికితనమని ఎవరన్నారో గానీ
వాడెప్పుడూ ఉల్లిపాయలు దించి ఉండడు.

అయిదోసారి దిగేసరికి వెనక మూడు లారీలు.
ఒకడు హారన్ కొట్టాడు.
ఒకడు ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు,
ఆ వెలుగులో వాడి పళ్ళు.
మూడోవాడు నెర్మిన్, బోస్నియా వాళ్ళబ్బాయి,
లైసెన్సొచ్చి ఆరు వారాలు,
చలిలోకి దిగి నడిచొచ్చాడు.

గుడ్డివైపు నిలబడతాడనుకున్నా.
లేదు, ఆమె ఎడమ అద్దంలో సరిగ్గా పడేలా నిలబడి
మోకాళ్ళ మీద వంగి
ట్రెయిలరు పొట్ట కిందనుంచి స్తంభాన్ని చూశాడు.
ఎటు తిప్పాలో చెప్పలేదు.
పట్టిన చేప పొడుగు చూపించేవాడిలా
రెండు అరచేతులు ఎడంగా పట్టుకున్నాడు:
ఇంత ఉంది.
ఇప్పుడింత.
బెత్తెడు.
రెండు వేళ్ళు.
అరచేతులు అక్కడే ఆగాయి, స్తంభం దాటిపోయింది.

రబ్బరు దిమ్మకి ట్రెయిలరు ఆనిన చప్పుడు
పెద్దదేం కాదు. నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిల్లినట్టు.
తర్వాత బ్రేకుల గాలి, పొడుగ్గా.

హారన్ కొట్టినవాడు నాలుగో డాకులో
ఒక్క ఊపుకి పెట్టేశాడు, దిగకుండా, సిగరెట్టు ఆరకుండా.
అదీ చెప్పాలి. పనితనానికి మర్యాద ఉండి తీరాలని లేదు.
వీడియో వాడిది పక్క వీధి గోదామట,
తప్పొచ్చాడు.

నెర్మిన్ వంతు వచ్చేసరికి లవాన్
మేజోడు కోటు జేబులో కుక్కుకుని వచ్చింది.
అతని అద్దంలో నిలబడింది.
చేతులు చాపింది: ఇంత. ఇంత.
బెత్తెడు దగ్గర పిడికిలి బిగించింది.
అతను చూశాడు, చూసే లోపల కాలు
అర క్షణం ఆలస్యం.

కీచుమంది.

దిగొచ్చి స్తంభం ముందు నిలబడ్డాడు.
వేలెడు ఆకుపచ్చ గీత, ఇంకా పొడి రాలుతోంది.
కళ్ళెత్తలేదు.
ఆమె ఒంగి, గీతకి రెండడుగుల కింద,
తుప్పులో కలిసిపోయిన ఒక ఎర్ర చారని
గోటితో గీకి చూపించింది.
"ఇది నాది. అప్పటికి నువ్వు పుట్టి ఉండవు."

నా కాగితంలో 'నష్టం' అని ఒక గడి ఉంది.
సరుకుకా, బండికా, గోడకా అని అడుగుతుంది.
స్తంభం గురించి అడగదు.
లేదు, అని రాసి
సంతకానికి అతని వైపు తిప్పాను.